మా నాన్న గేలం, విశాఖ సముద్రం

విశాఖపట్నం వెళ్తున్నామని చెప్పగానే తెలిసినవాళ్లందరూ ఒకే వరస అప్పజెప్పారు: ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి, రుషికొండ, టైముంటే అరకు. మా నాన్న మాత్రం రెండే అడిగారు. తెల్లవారుజామున పడవలు చేపలతో ఒడ్డుకొచ్చే చోటు చూడాలి. సముద్రంలో గేలం వెయ్యాలి.

ఆయనది ఖమ్మం జిల్లాలో వైరా రిజర్వాయర్ పక్క ఊరు. వ్యవసాయం ఆయన పని, చేపలు పట్టడం ఆయన ప్రాణం. బొచ్చె ఎర ముట్టుకుంటే బెండు ఎలా కదులుతుందో, జెల్ల ముట్టుకుంటే ఎలా కదులుతుందో గట్టు మీద కూర్చునే చెప్పేస్తారు. కొర్రమీను ఏ గడ్డి పక్కన పొంచి ఉంటుందో, వాలుగ ఏ వేళకి పైకొస్తుందో ఆ చుట్టుపక్కల ఆయనని అడగాల్సిందే. డెబ్బై ఏళ్లు నీళ్ల పక్కనే బతికిన మనిషి సముద్రాన్ని మాత్రం టీవీలోనే చూశారు. అందుకే ఈ ప్రయాణాన్ని ఆయన కోరిక చుట్టూ అల్లాను. అలా అల్లడం వల్లే నేనూ విశాఖని వేరేగా చూశాను. చాలామంది ఆ ఊరిని సాయంత్రం పూట, ఇసుకలో కూర్చుని, సముద్రం వైపు తిరిగి చూస్తారు. ఆ సముద్రం మీద బతికేవాళ్ల రోజు అప్పటికే అయిపోయి ఉంటుంది.

వెళ్లే కాలం గురించి ముందే చెప్పేస్తాను. బడికి సెలవులని ఏప్రిల్, మేలో పిల్లల్ని తీసుకుని వెళ్తాం కదా, ఆ రోజుల్లో తీరంలో వేట ఉండదు. తూర్పు తీరమంతా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరబోట్లు, మోటారు పడవలు సముద్రంలోకి వెళ్లకూడదు. మత్స్యకార కుటుంబాలకి ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో పది వేల నుంచి ఇరవై వేలకి పెరిగింది. ఆ రెండు నెలలూ హార్బర్‌లో బోట్లు వరసగా కట్టేసి ఉంటాయి, మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ, చెక్కలకి రంగులు వేసుకుంటూ ఉంటారు. అది చూడటం కూడా బాగుంటుంది గానీ చేప చూడాలంటే చలికాలమే. మేం డిసెంబర్‌లో, మార్గశిర మాసంలో వెళ్లాం. ఖమ్మంలో రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో ఉంటాం.

ఫిషింగ్ హార్బర్ పాత ఊరి వైపు, పోర్టు పక్కన ఉంది. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌస్. ఇంకా చీకటి ఉండగానే ఆటోలో బయల్దేరాం. గేటు దాటుతుండగానే డీజిల్, ఐస్, పచ్చి చేప, మూడూ కలిసిన వాసన వచ్చింది. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను, నాన్న గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. జెట్టీకి ఆనుకుని మరబోట్లు ఒకదాని పక్కన ఒకటి, నాలుగైదు వరసల్లో ఉన్నాయి. బయటి వరసలో ఉన్న బోటు వాళ్లు లోపలి బోట్ల మీదుగా అడుగులేసుకుంటూ, నెత్తి మీద ప్లాస్టిక్ ట్రేలతో నడిచి వస్తున్నారు. ఆ ఎత్తుపల్లాల మీద, తడి చెక్కల మీద, ఊగుతున్న పడవల మీద వాళ్లు చూసుకోకుండా నడుస్తుంటే నాన్న అక్కడే నిలబడిపోయారు. ఈ పెద్ద బోట్లు ఐస్, డీజిల్, బియ్యం నింపుకుని వెళ్తే రోజుల తరబడి నడిసముద్రంలోనే ఉంటాయట. వచ్చిన సొమ్ములో ఖర్చులు పోగా మిగిలింది యజమానికి, డ్రైవరుకి, కళాసీలకి వాటాలుగా పంచుకుంటారు. వేట పడకపోతే పంచుకోవడానికి ఏమీ ఉండదు.

తర్వాత పాట మొదలైంది. వేలం పాట. చేపల్ని నేల మీద కుప్పలుగా పోసి, చుట్టూ మూగి, ఒకరు ధర అరుస్తుంటే ఇంకొకరు పెంచుతారు. తూకం లేదు. కుప్ప చూసి ఇన్ని కిలోలుంటుందని కళ్లతోనే లెక్క కట్టాలి. పాడేవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లు. చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, బొడ్లో డబ్బు సంచి దోపుకుని, ఒక్క చూపుతో వంజరం తాజాగా ఉందో, ఐస్‌లో ఎక్కువ రోజులుందో చెప్పేస్తున్నారు. నాన్న ఒక్కో కుప్ప దగ్గర ఆగి పేరు అడిగారు. చందువ, కానాగంతలు, నెత్తళ్లు, సొర, టేకు, పీతలు, రొయ్యలు. వాళ్లు కోనాం అనేది మన వంజరమే. ఒకచోట ముక్కు పొడుగ్గా కత్తిలా ఉన్న చేపని ఇద్దరు మోసుకొచ్చారు. కొమ్ముకోనాం. దాన్ని వల వేసి కాదు, గేలంతో పడతారని తెలిసేసరికి నాన్న ముఖం చూడాలి. మనిషంత చేపని ఒక దారంతో లాగి తెస్తున్న వాళ్లున్నారంటే ఆయనకి అది వేరే లోకం. బీచ్ పక్కనున్న మత్స్యకారుల వాడ జాలరిపేట నుంచి చిన్న పడవల్లో వెళ్లే కొందరు ఈ గేలం వేటలో ఆరితేరినవాళ్లని పక్కనున్నాయన చెప్పాడు. ట్యూనాలు కూడా అలాగే పడతారట.

ఒక వైపు జెట్టీ మీద నల్లగా కాలిన మరకలు కనిపించాయి. 2023 నవంబర్‌లో రాత్రి వేళ ఇక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగి దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. పేపర్లో చదివినప్పుడు అది ఒక వార్త. ఇక్కడ నిలబడి ఒక్కో బోటు మీద ఎన్ని ఇళ్లు ఆధారపడతాయో లెక్కేసుకుంటే కడుపులో దేవినట్టయింది. ఇప్పుడు ఆ స్థలంలో కొత్త బోట్లు, కొత్త రంగులు ఉన్నాయి.

పాట అయ్యాక ఒకామె దగ్గర నెత్తళ్లు కొన్నాం. పోగు రెండొందలు. అరవై దాటి ఉంటాయి ఆమెకి. చెవులకి పెద్ద పెద్ద బంగారు దిద్దులు, చేతుల మీద పచ్చబొట్లు. మేం ఖమ్మం నుంచి వచ్చామంటే ఆశ్చర్యపోయి, మాకోసం తన ముక్కాలి పీట జరిపింది. "మా మొగోళ్లు సముద్రంలోకెల్లి తేవడం ఒక ఎత్తు తల్లీ, అది మేం ఈదుల్లో తిప్పి అమ్మడం ఇంకో ఎత్తు. అమ్ముడుపోకపోతే ఉప్పేసి ఎండబెట్టీడమే" అంది. వెనక్కి చూస్తే నిజంగానే సిమెంటు గచ్చు మీద, వలల మీద చేపలు పరిచి ఎండబెడుతున్నారు. ఆమె చెప్పిన ఇంకో మాట నేను ఊహించనిది. కార్తీకం, మార్గశిరం వాళ్లకి గడ్డు నెలలట. వేట బాగుంటుంది గానీ తినేవాళ్లు తగ్గిపోతారు. "అయినా లచ్చివారం నేనూ ఎల్తాను అమ్మోరి గుడికి. ఆ రోజు నా తట్ట దింపీసినట్టే" అంది. మీరూ రండని పిలిచింది.

అలా ఆ గురువారం, వాళ్ల మాటలో లక్ష్మివారం, మేం బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్లాం. మా లిస్టులో ఆ గుడి లేదు. విశాఖకి వచ్చే టూరిస్టులు సింహాచలం వెళ్తారు, అది తప్పు కాదు, అప్పన్న స్వామి గుడి చెక్కడాలు రోజంతా చూడొచ్చు. కానీ ఈ ఊరి మనిషి గుండె ఎక్కడుందో చూడాలంటే బురుజుపేట సందుల్లోకి రావాలి. అమ్మవారికి పైకప్పు లేదు. ఎండకి, వానకి అలాగే ఆకాశం కింద ఉంటుంది. పూజారి చేతికిచ్చి పంపే పద్ధతి కూడా లేదు. ఎవరికి వాళ్లే అమ్మవారిని తాకి, పసుపు కుంకుమ రాసి, పాలు పోసి మొక్కుకోవచ్చు. మార్గశిర గురువారాల్లో ముందు రోజు అర్ధరాత్రి దాటాక మొదలయ్యే క్యూ ఎక్కడెక్కడి వీధుల్లోకో వెళ్తుంది. నా ముందు ఒక కాలేజీ అమ్మాయి, వెనక ఒక ముసలామె, ఇద్దరి చేతుల్లోనూ ఒకేలాంటి పసుపు పొట్లం. నా వంతు వచ్చేసరికి అమ్మవారి ముఖం పసుపుతో నిండిపోయి ఉంది. నేనూ నా చేత్తో పసుపు రాశాను. మా ఊళ్లో ముత్యాలమ్మకి ఇలాగే రాస్తాం కాబట్టి పరాయి ఊరని అనిపించలేదు. చేపలామె ఆ జనంలో కనిపించలేదు, వచ్చే ఉంటుంది.

ఆ పాత ఊరిలోనే పోర్టు దగ్గర మూడు కొండలు పక్కపక్కన ఉన్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వర స్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. నౌకాశ్రయంలోకి వచ్చే ఓడలకి మూడూ కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పి వల్ల నాన్న ఎక్కలేదు, కింది నుంచే చూశాం.

ఇక నాన్న గేలం. నగరం నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు పాతిక కిలోమీటర్ల పైనే ఉంటుంది. ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం. ఆ దారిలో రుషికొండ దాటాక మంగమారిపేట అని మత్స్యకారుల ఊరు. పొద్దున్నే అక్కడ దిగాం. ఇసుక మీద ఫైబర్ పడవలు, వాటి ముందు భాగం మీద దేవుళ్ల పేర్లు, పిల్లల పేర్లు. అప్పుడే కొందరు అలివి వల లాగుతున్నారు. దాని పని చూస్తే తెలుస్తుంది సముద్రాన్ని వాళ్లు ఎంత ఓపికతో చదివారో. వల తాడు ఒక కొస ఒడ్డునే ఉంచి, పడవ మీద వల వదులుకుంటూ సముద్రంలోకి వెళ్లి, అర్ధచంద్రాకారంగా తిరిగి, రెండో కొసని కొంత దూరంలో ఒడ్డుకి తెస్తారు. ఇక రెండు జట్లు రెండు తాళ్లనీ లాగడం. లాగుతూ లాగుతూ రెండు జట్లూ ఒకరికొకరు దగ్గరవుతారు, మధ్యలో వల సంచి ఒడ్డుకి వస్తుంది. ఇది గంటల పని. ఎవరూ తొందరపడరు, ఎవరూ ఆగరు. కాళ్లు ఇసుకలో దిగేసి, వెనక్కి వాలి, ఒళ్లంతా బరువు వేసి లాగుతారు.

నాన్న చెప్పులు విడిచి వెళ్లి తాడు పట్టుకున్నారు. నేను వద్దనేలోపే ఒక పెద్దాయన జరిగి చోటిచ్చాడు. "రండి బావూ, సేతులు కలిస్తేనే వల వస్తాది." ఇంకాసేపటికి నేనూ పట్టుకున్నాను. తాడు అరచేతుల్ని ఒరిపిడి పెట్టింది. సముద్రం ఎదురు లాగుతుంటే ఆ బరువు భుజాల్లోకి పాకింది. ఒడ్డున నిలబడి అలలు చూసినప్పుడు సముద్రానికి ఇంత బలముందని నాకు తెలియలేదు. చివరికి సంచి ఒడ్డెక్కింది. కవ్వళ్లు, చిన్న రొయ్యలు, కొన్ని గులివిందలు, నాలుగు పీతలు. వాటితోపాటు చిప్స్ ప్యాకెట్లు, కూల్‌డ్రింక్ సీసాలు, ఒక చెప్పు. చేపని ఏరుతున్న పిల్లాడు ప్లాస్టిక్‌ని ఒక పక్కకి విసురుతున్నాడు, అది ఎంత మామూలు పనైపోయిందంటే వాడు దాన్ని చూడను కూడా చూడటం లేదు. బీచ్‌కి వచ్చి ప్యాకెట్టు ఇసుకలో వదిలేసే ప్రతి ఒక్కరూ ఒక్కసారి ఈ వల లాగాలి. ఇది నేను కోపంతోనే రాస్తున్నాను.

లాగినందుకు మాకూ గుప్పెడు చేప ఇచ్చారు. వద్దంటే ఆ పెద్దాయన ఒప్పుకోలేదు, చెయ్యేసినవాళ్లకి వాటా ఇవ్వాలట.

గేలం సంగతి విని ఆయనే మమ్మల్ని పక్కనున్న రాళ్ల దగ్గరకి తీసుకెళ్లాడు. నాన్న సంచిలోంచి తన సరంజామా తీశారు: కర్రకి చుట్టిన నైలాన్ దారం, నెమలీక కాడతో చేసిన బెండు, చిన్న కొక్కీలు. పెద్దాయన ఆ బెండు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఎంతో ముచ్చటపడ్డాడు. "బాగా సేసుకున్నారు గానీ బావూ, ఈడ అల ఊరుకోదు. బెండు ఒగ్గీండి. గుండు కట్టాల." చెరువులో నీళ్లు కదలవు కాబట్టి ఎర ఎక్కడ వేలాడాలో బెండు పట్టి ఉంచుతుంది. ఇక్కడ వేసిన బెండుని తర్వాతి అల మన కాళ్ల దగ్గరకే తెచ్చి పడేస్తుంది. అందుకని సీసం గుండు కట్టి ఎరని అడుగుకి దింపాలి, దారాన్ని చూపుడు వేలి మీద ఆనించి ఉంచాలి, చేప ముట్టిందో అల లాగిందో వేలికే తెలియాలి. వల్లో పడిన చిన్న రొయ్య తొక్క తీసి కొక్కీకి గుచ్చారు.

ఎక్కడ వెయ్యాలన్నది ఆయన చెప్పిన పద్ధతి నాకు బాగా గుర్తుండిపోయింది. ఒడ్డు పొడవునా అలలు తెల్లగా విరుగుతుంటాయి. మధ్యలో ఎక్కడో ఒక చోట అల విరగదు, నీళ్లు కాస్త ముదురు రంగులో, ప్రశాంతంగా కనిపిస్తాయి. ఒడ్డుకి వచ్చిన నీళ్లన్నీ తిరిగి సముద్రంలోకి పోయే దారి అది. అడుగున ఇసుక కోసుకుపోయి అక్కడ లోతుగా ఉంటుంది. "అల ఇరగని కాడ సేప తిరుగుతాది బావూ. మనిషి పోయేదీ ఆడే."

ఆర్కే బీచ్‌లో, రుషికొండలో, యారాడలో ఏటా ఎందరో కుర్రవాళ్లు మునిగిపోయే వార్తలు చదువుతూనే ఉంటాం. వాళ్లలో చాలామంది ప్రశాంతంగా ఉంది కదా అని ఇలాంటి చోటే దిగి ఉంటారు. ఆ నీటిదారి ఎంత ఈత వచ్చినవాడినైనా లోపలికి తీసుకుపోతుంది. ఎదురీదితే అలసిపోతాం. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది దాని వెడల్పు దాటితే అలలే మళ్లీ ఒడ్డుకి తోస్తాయి. లైఫ్‌గార్డులున్న చోట, వాళ్లు దిగమన్న మేరకే దిగండి. పిల్లలతో వెళ్లేవాళ్లకి దీనికన్నా పెద్ద మాట నేను చెప్పలేను.

నాన్న ఆ ముదురు నీళ్లలోకి గుండు విసిరారు. అల వెనక్కి వెళ్లేటప్పుడు విసరాలని పెద్దాయన చేత్తో సైగ చేస్తూ నిలబడ్డాడు. చాలాసేపు ఏమీ లేదు. ఎర మాత్రం మాయమైపోతోంది, చిన్న పీతలు తినేస్తున్నాయని చెప్పాడు. ఎండెక్కింది. ఇక లేద్దామని నేను అనబోతుండగా నాన్న వేలు బిగిసింది, మణికట్టుతో ఒక్క లాగు లాగారు. ఆ లాగు నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, వైరా గట్టు మీద లాగినట్టే. దారం చివర జానెడు పొడవున, వెండి రంగులో, మీసాలతో ఒక చేప కొట్టుకుంటోంది. నాన్న దాన్ని చూసి "ఓసి నీ, జెల్ల!" అన్నారు. బంగాళాఖాతంలో తన చేతికి చిక్కిన మొదటి చేప తనకి తెలిసిన చుట్టమే అయింది. సముద్రపు జెల్ల వేరే జాతి, కానీ ముల్లు మాత్రం అలాగే ఉంటుంది. వీపు మీద ఒకటి, రెక్కల దగ్గర రెండు, రంపపు పళ్లతో, విషంతో. పెద్దాయన "సేయి పెట్టకండి!" అని అరిచేలోపే నాన్న ముల్లుకి దూరంగా తల వెనక పట్టుకుని కొక్కీ తీసేశారు. అది చూసి పెద్దాయన ఏమీ అనలేదు. తన నడుము సంచిలోంచి బీడీ తీసి నాన్నకి ఒకటిచ్చాడు. నాన్న బీడీ మానేసి ఏళ్లయింది, అయినా తీసుకుని చెవి వెనక పెట్టుకున్నారు. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఆ రాయి మీద ఎంతసేపు మాట్లాడుకున్నారో. పంట, వల, కొడుకులు, హైదరాబాద్, దుబాయ్. నేను పక్కన కూర్చుని విన్నాను. ఆయన కొడుకు వేటకి రాడట, స్టీలు ప్లాంటు వైపు ఏదో కంపెనీలో చేస్తున్నాడట. మా పొలం కూడా నేనూ మా అన్నా దున్నం కదా.

మంగమారిపేట ఎదురుగా ఉన్న కొండే తొట్లకొండ. 1976లో నౌకాదళం సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధ స్థలం ఇది. స్తూపం, విహారాల పునాదులు, రాయిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి. తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు దొరికాయి. పైనుంచి చూస్తే కింద మంగమారిపేట పడవలు, దాటి సముద్రం. రెండు వేల ఏళ్ల కింద భిక్షువులు ఇక్కడ నిలబడి ఓడలు చూశారంటే నమ్మబుద్ధి అవుతుంది. ఇంకా ముందుకు పోతే ఎర్రమట్టి దిబ్బలు. సముద్రం, గాలి, వాన కలిసి వేల ఏళ్లలో పోసిన ఎర్ర ఇసుక గుట్టలు, మధ్యలో లోయల్లా కోసుకుపోయిన దారులు. 2014లో దీన్ని జాతీయ భూవిజ్ఞాన వారసత్వ స్థలంగా గుర్తించారు. దిబ్బలు మెత్తగా ఉంటాయి, ఎక్కితే రాలిపోతాయి, కింది దారుల్లోనే నడవండి.

భీమిలి నాకు బాగా నచ్చింది. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ వ్యాపారం పెట్టారు, వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. కొన్ని గోపురాల్లా కోణంగా లేచి ఉన్నాయి. అక్కడికి దగ్గర్లోనే బొర్రా గుహల గుండా పారి వచ్చే గోస్తని నది సముద్రంలో కలుస్తుంది. నాన్న ఆ సంగమం దగ్గర నీళ్లు దోసిట్లో తీసుకుని రుచి చూశారు, ఎక్కడి దాకా ఉప్పగా ఉందో, ఎక్కడ తీపి మొదలవుతుందో తెలుసుకుందామని. అక్కడే ఇసుకలో చచ్చిన తాబేలు ఒకటి కనిపించింది. ఆలివ్ రిడ్లీ. చలికాలంలో ఇవి గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి, ట్రాలర్ వలల్లో చిక్కుకుని ఊపిరాడక చచ్చిపోయేవి కొన్ని ఇలా కొట్టుకొస్తాయి. అటవీ శాఖ వాళ్లు గుడ్లు సేకరించి, తీరంలో కంచె కట్టి పొదిగిస్తారు. వేసవి మొదట్లో వెళ్లేవాళ్లకి పిల్ల తాబేళ్లని వదిలే దృశ్యం దొరకొచ్చు.

ఆర్కే బీచ్‌కి కూడా వెళ్లాం, వెళ్లకుండా ఎలా. మురీ మిక్చర్ తిన్నాం, బాగుంది. కురుసుర సబ్‌మెరైన్ మాత్రం తప్పకుండా చూడాలి. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో పాల్గొంది, 2001లో విశ్రాంతి తీసుకుంది, 2002 నుంచి బీచ్‌లో మ్యూజియంగా ఉంది. 91 మీటర్ల పొడవు, లోపల మాత్రం ఇద్దరు ఎదురైతే పక్కకి తిరగాలి. నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లే లోపల చూపిస్తారు. సోమవారం సెలవు.

ఈ బీచ్‌లో ఇసుక గురించి ఒక సంగతి పెద్దాయన చెప్పాకే నాకు తెలిసింది. ఈ తీరంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి ప్రయాణిస్తూ ఉంటుంది. పోర్టుకి అడ్డుగా కట్టిన రాతి గోడల దగ్గర అది ఆగిపోతుంది. దాంతో ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌ని సముద్రం కోసేస్తూ ఉంటుంది. అందుకని పోర్టు దగ్గర పూడిన ఇసుకని డ్రెడ్జర్‌తో తోడి, పైపుల్లో తెచ్చి ఈ బీచ్ మీద పోస్తుంటారు. మనం కూర్చున్న ఇసుకలో కొంత అలా వచ్చిందే. జాలరిపేట వాళ్లు తమ పడవలు పెట్టుకునే చోటు ఏటికేడు ఇరుకవుతోందని చెప్పడం వెనక ఈ లెక్క కూడా ఉంది. పర్యాటకులకి బీచ్ తగ్గితే ఫోటో తగ్గుతుంది, వాళ్లకి పడవ నిలిపే ఇల్లు తగ్గుతుంది.

మాకు దొరికిన చేపని మేం దిగిన చోటి వంటామె చేసి పెట్టింది. నెత్తళ్లు కరకరలాడేలా వేపుడు, జెల్లని చింతపండు పులుసు. నాన్న పులుసు రెండోసారి వేయించుకున్నారు. అయినా చెరువు జెల్లకే రుచి ఎక్కువన్నారు. నేను ఒప్పుకోను. వంజరం ముక్క తిన్నాక నేను చెరువు చేప వైపు నిలబడలేను, క్షమించాలి నాన్నా.

ఇంటికొచ్చాక మారిందొకటుంది. నాన్న ఇప్పుడు రోజూ బంగాళాఖాతం వాతావరణం చూస్తున్నారు. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల నుంచి సముద్రపు వేడి, నీటి రంగు చూసి చేప ఎక్కడ దొరికే అవకాశం ఉందో మత్స్యకారులకి చెప్తుంది, అలల ఎత్తు కూడా చెప్తుంది. మనవడి చేత అది ఫోన్‌లో పెట్టించుకున్నారు. అల్పపీడనం అని వినగానే మంగమారిపేటకి ఫోన్ కొట్టి "అన్నా, వేటకి పోకు" అంటారు. అవతలి నుంచి ఆయన "నేదు బావూ, పడవ మీదికి లాగీసాం" అంటాడు. ఏప్రిల్ 15 లోపు ఇంకోసారి వెళ్లాలని మాట అయింది. ఈసారి సీసం గుండ్లు ఖమ్మంలోనే కొనుక్కుని వెళ్తారట, ఆయనకి ఇవ్వడానికి నెమలీక బెండ్లు రెండు ఇప్పటికే చేసి పెట్టారు.